ఫ్లెక్సీ దించాక

చారులో ఉప్పు ఎక్కువైన ప్రతిసారీ మా ఇంట్లో సాహిత్య చర్చ జరుగుతుంది. ఫస్ట్ షిఫ్టు నుంచి వచ్చి కంచం ముందు కూర్చున్న మా ఆయన ప్రేమ్‌సాగర్ ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఇయ్యాల ఏం కథ రాసినవ్ సునందా?" అంటాడు. నవ్వుతూనే అంటాడు. అత్తమ్మ వెంకమ్మ ఊరుకోదు. "రాసేటోళ్ళ చెయ్యి గట్లనే ఉంటది, తిను బిడ్డా" అని కొడుకును ఓదారుస్తుంది. ఉప్పు తక్కువైన రోజు మాత్రం ఎవరూ నా కథల జోలికి రారు. ఉప్పు డబ్బా తెమ్మంటారు, అంతే.

మాది మణుగూరు బొగ్గుగనుల కాలనీలో క్వార్టర్. నేను పాఠాలు చెప్పే బడి అడవి లోపలి ఊళ్ళో. రోజూ షేర్ ఆటోలో పోయి రావాలి. టేకు చెట్లు మొదలైన కాసేపటికి ఫోన్లో సిగ్నల్ పోతుంది. గ్యాస్ బండ వచ్చిందనీ, అత్తమ్మ బీపీ గోళీలు ఎక్కడున్నాయనీ అడిగే గొంతులు అక్కడిదాకా రావు. వెనక సీట్లో మనుషుల మధ్య ఇరుక్కుని, బొటనవేలితో ఫోన్లో కొట్టుకుంటూ, కొన్నేళ్ళపాటు రాశాను. గుంతలో ఆటో ఎగిరినప్పుడల్లా ఒక అక్షరం అటూఇటూ అయ్యేది. అయినా ఆ దారే నాకు రాసుకునే గది.

ఖమ్మంలో చిన్న ప్రచురణ సంస్థ నడిపే ప్రమీలక్క ఆ కథలన్నీ పుస్తకంగా వేస్తానన్నప్పుడు వంటింట్లో నిలబడి ఏడ్చాను. ఎందుకే అని అత్తమ్మ అడిగితే ఉల్లిగడ్డలని చెప్పాను. పుస్తకం పేరు 'ఫ్లెక్సీ'. అందులో మొదటి కథ పేరూ అదే. నేను రాసినవాటిలో నాకు గర్వమనిపించిన కథ అదొక్కటే.

నిరుడు మా హైమ పెద్దమనిషి అయింది. అప్పుడు ఏడో తరగతి. ఆడపిల్ల పెద్దమనిషైతే ఫంక్షన్ చేయడం మా దగ్గర ఎప్పటినుంచో ఉన్నదే, ఈమధ్య దానికి ఫ్లెక్సీ తోడైంది. కాలనీ గేటు దగ్గర, పిల్లలు స్కూల్ బస్సు ఎక్కే చోట, పట్టుబట్టల్లో నా బిడ్డ నిలువెత్తు బొమ్మ. చుట్టూ మేనమామల ఫొటోలు, మా ఆయన యూనియన్ దోస్తుల ఫొటోలు. తల్లి ఫొటో పెట్టడం మరిచారు, అది వేరే సంగతి. నేను ముందే వద్దన్నాను. "ఎంతమంది ఫంక్షన్లకు పోయి చీరలు పెట్టొచ్చినం? మనింట్ల చెయ్యకపోతే ఏమనుకుంటరు?" అంది అత్తమ్మ. "ఉన్నది ఒక్క బిడ్డ, నీకు సంబురం లేదా?" అన్నాడు ఆయన. మొహం ముడుచుకున్న హైమ గడ్డం పట్టుకుని, "పెద్దయినంక నీకే అర్థమైతది" అంది అత్తమ్మ. ఫ్లెక్సీ ఉన్నన్నాళ్ళూ హైమ బస్సెక్కలేదు. కడుపునొప్పి అంది. ఒక సాయంత్రం నా ఒళ్ళో తలపెట్టుకుని, "అమ్మా, నేను మళ్ళ చిన్నగయితే బాగుండు" అంది. ఆ మాటతోనే నా కథ ముగించాను. అంతకన్నా మంచి ముగింపు నాకెన్నడూ దొరకలేదు.

ఆ కథ గురించి తెలిసినప్పుడు ఆయన ఎగిరిపడ్డాడు. "ఇంటి ఇజ్జత్ బజార్ల పెడ్తవా?" అన్నాడు. "బజార్ల కట్టింది మీరు. నేను రాసిన, అంతే" అన్నాను. ఆయన చెప్పులేసుకుని బయటికి పోయాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో మాటల్లో నేను నెగ్గిన రోజులు తక్కువ, అందుకే బాగా గుర్తు.

మొన్న ఆదివారం పెరట్లో కుళాయి దగ్గర గోదావరి చేపలు తోముతున్నాను. ప్రమీలక్క పుస్తకం మొత్తం ఫోన్‌కు పంపింది, చివరిసారి చూసి సరే అంటే అచ్చుకు వెళ్తుంది. చేతుల నిండా పొలుసులు, తెరిచి చూసే వీలు లేదు. హోంవర్క్ కోసమని ఫోన్ తీసుకున్న హైమ చాలాసేపటికి వచ్చి బట్టలుతికే బండ మీద కూర్చుంది.

"అమ్మా, ఈ ఫ్లెక్సీ కథల ఉన్నది నేనే కదా?"

"పేరు మార్చిన గద బిడ్డా."

"పేరు మారిస్తే ఏమైతది? గేటు కాడ ఎవరి ఫ్లెక్సీ కట్టిండ్రో మా క్లాసోళ్ళందరికీ తెలుసు. కడుపునొప్పి అబద్ధమని రాసినవ్. చిన్నగయితే బాగుండన్నది రాసినవ్. అది నీకొక్కదానికే చెప్పిన."

అందరికీ చెప్పడానికి తయారుగా పెట్టుకున్న జవాబే దానికీ చెప్పాను. "ఇంకో పిల్లకు గిట్ల కావొద్దని రాసిన."

"డాడీ గూడ నాకోసమే కట్టిన అన్నడు." హైమ గొంతు పెంచలేదు, ఏడవలేదు. "గాలికి చినిగితే ఆ ఫ్లెక్సీ తీసేసిండ్రు. పుస్తకం ఎవరు తీస్తరమ్మా?"

నిజం చెప్పాలంటే నాకు మొదట వచ్చింది కోపం. కన్నతల్లి ప్రేమ తర్వాతెప్పుడో వచ్చింది. రాయొద్దన్న ప్రతి ఒక్కరికీ ఇన్నేళ్ళుగా జవాబు చెప్పుకుంటూ వచ్చాను, ఇప్పుడిక నా కడుపున పుట్టిందానికీ చెప్పాలా అనిపించింది. పెద్దయినంక నీకే అర్థమైతది అనబోయాను. మాట నాలుక చివరిదాకా వచ్చింది. అది ఎవరి మాటో గుర్తొచ్చి మింగేశాను. తమ ఇంటి ఆడవాళ్ళ బతుకుల్ని కథలుగా రాసి పేరు తెచ్చుకున్న మగవాళ్ళు వాళ్ళనెప్పుడైనా అడిగారా అని కూడా అనుకున్నాను. అడిగి ఉండరు. ఆ అడగకపోవడం మీదే కదా నా పోట్లాటంతా. పట్టుబట్టలు కట్టించి నిలబెట్టినవాళ్ళు దాన్ని అడగలేదు, అక్షరాల్లో నిలబెట్టిన నేనూ అడగలేదు. నాది మంచి ఉద్దేశమే. ఈ ఇంట్లో చెడ్డ ఉద్దేశం ఎవరికి ఉందని?

చేతులు కడుక్కుని ప్రమీలక్కకు ఫోన్ చేశాను. మొదటి కథ తీసెయ్యొచ్చా అని అడిగాను. "పుస్తకం పేరే అది సునందా. కవర్ గూడ అయిపోయింది. అది తీస్తే పుస్తకం నిలబడదు. ఆవిష్కరణ ఆపేస్తా, కానీ పుస్తకం మళ్ళ ఎప్పుడొస్తదో నేను మాటియ్యలేను" అంది. అందులో తప్పేం లేదు. "తీసెయ్యక్కా" అన్నాను. ఫోన్ పెట్టేసి ఆ బండ మీదే కూర్చున్నాను. హైమ పక్కకు జరిగి చోటిచ్చింది. థాంక్స్ అనలేదు. అనకపోవడమే బాగుంది.

మధ్యాహ్నం అన్నాల దగ్గర ఈ సంగతి ఇంట్లోవాళ్ళకు తెలిసింది. అత్తమ్మ గిన్నెలో వెతికి పెద్ద చేపముక్క తీసి నా కంచంలో వేసింది. ఈ ఇంటికొచ్చాక అది మొదటిసారి. మా ఆయన నీళ్ళు తాగి, మెచ్చుకోలుగా తలూపాడు. "ఇప్పుడు తల్లివనిపించినవ్" అన్నాడు.

ఆ ముక్కను కంచం అంచుకు జరిపాను. హైమ నావంక చూసి కళ్ళు దించుకుంది. దానికి న్యాయం చేశానన్న తృప్తి కూడా నాకు మిగలకుండా, అదంతా వీళ్ళు తమ ఖాతాలో వేసుకుంటున్నారు. నేను బిడ్డ మాటకు ఓడిపోయానని కాదు, తమకు లొంగిపోయానని అనుకుంటున్నారు. ఇప్పుడు తల్లినైతే, ఇన్నాళ్ళూ దాని చెవి నొప్పులకు, పరీక్షలకు, భయాలకు మేలుకున్నది ఎవరు?

చెయ్యి కడుక్కుని వచ్చి, అందరూ తింటుండగానే కుర్చీలో కూర్చుని ఫోన్ తీశాను. ఖాళీ పేజీ తెరిచి మొదటి వాక్యం కొట్టాను.

"ఏం రాస్తున్నవ్?" అన్నాడు ఆయన.

"మీరిప్పుడన్న మాట."

"నన్ను అడగవా?"

"ఆ మాట పడ్డది నేను. నన్ను నేనే అడిగిన" అన్నాను. "రాసుకొమ్మన్న."