పూలజడ సూది

నేను ఒక సూదిని. చొక్కా గుండీలు కుట్టే పొట్టి జాతి కాదు నాది. పొడుగ్గా, సన్నగా, మల్లెమొగ్గను చీల్చకుండా దాని కాడలోంచి దూరిపోయే రకం. ఎక్కడో ఉత్తరాదిన ఒక కర్మాగారంలో తీగముక్కగా పుట్టాను. అక్కడ నా మొన సానబట్టి, తలకు కన్ను పొడిచి, నల్ల కాగితంలో చుట్టి పంపేశారు. కడియం సంతలో గాజులమ్మే ఆమె దగ్గర వరహాలమ్మ నన్ను కొనుక్కుంది. పూలజడలు కుట్టడంలో ఆ చుట్టుపక్కల ఆమెకు మంచి పేరు. కూతురు పుణ్యవతికి ఆ పని మీద మనసు లేదు. అందుకని ముసలితనంలో నన్ను కోడలు సత్యవేణి చేతిలో పెట్టింది.

ఆ సత్యవేణి గురించే నేను చెప్పదలుచుకున్నది.

జడ పొడుగున అట్ట కత్తిరించి, దానికి పాత పంచెగుడ్డ చుట్టేది. తడిబట్ట మీద పరిచిన మొగ్గల్ని ఎడమచేతి వేళ్లతో వరసగా పట్టుకుని, కుడిచేత్తో నన్ను దూర్చేది. మధ్యమధ్య కనకాంబరాలు, అంచుల్లో మరువం. పెళ్లికూతుళ్లు దాన్ని తమ కళ్లతో చూసుకోలేరు, అది ఉండేది వీపు మీద. అయినా అన్ని అలంకారాల్లోకీ దాని కోసమే ఎక్కువ పోట్లాడతారు. మనుషుల ముచ్చట్లలో నాకు అంతుపట్టనిది ఇదొకటి.

ఒక వేసవిలో, ముహూర్తాల ఒత్తిడిలో, నేను జారి సత్యవేణి ఎడమచేతి చిటికెనవేల్లోకి లోతుగా దిగాను. ఆమె ఉలిక్కిపడలేదు. నన్ను లాగేసి మళ్లీ మొగ్గల్లోకి దూర్చింది. నాతోపాటు ఎరుపు కూడా వెళ్లింది. నాలుగైదు మొగ్గలు తడిశాక గాని ఆమె చూడలేదు. వాటిని తుంచేసి, ఆ చోట కనకాంబరాలు కుట్టింది. తర్వాత నన్ను చేతిలోకి తీసుకుని, కావాలనే అదే వేలికి గుచ్చుకుంది. నెమ్మదిగా, ఇంకా లోతుగా. ఆమె మొహం చూశాను. నొప్పి కోసం అంతగా వెతుక్కునే మనిషిని అంతకుముందు నేను చూడలేదు.

పక్కింట్లోనే ఉండే పుణ్యవతికి చెబితే, "ఇన్నేళ్లు కుడితే చెయ్యి మొద్దుబారదేంటి వదినా. మాయమ్మ చేతులూ అలాగే ఉండేవి" అంది. సత్యవేణి ఆ మాటను గట్టిగా పట్టుకుంది. మోచేతి దగ్గర పాలిపోయిన మచ్చ ఒకటి ఉండేది. దాని మీదికి వచ్చేలా పొడుగు చేతుల రవికెలు కుట్టించుకుంది.

కొన్నాళ్లకు ఆశా వర్కర్ ఏసుమణి కుష్టు సర్వే అని గుమ్మంలోకి వచ్చింది.

"ఒంటి మీద మచ్చలేమైనా ఉన్నాయాండీ? తిమ్మిరిగా, స్పర్శ తెలీకుండా?"

"లేవండి" అంది సత్యవేణి, మొగ్గల మీంచి తలెత్తకుండా.

"ఉంటే దాచుకోకండి. మందులుంటాయి, నయమైపోద్ది."

"మాకలాంటివేం లేవన్నాను కదండీ."

ఏసుమణి వెళ్లిపోయింది. సత్యవేణి చాలాసేపు నన్ను కదపలేదు. ఆమెకు రోగమంటే కన్నా ఆ మాట బయటికి పొక్కడమంటేనే భయం. ఆ చేతుల పూలు ఇక ఏ తల్లి తన కూతురి తలలో పెట్టనిస్తుంది?

ఏడాది తిరిగేసరికి చిటికెనవేలు లోపలికి ముడుచుకోవడం మొదలుపెట్టింది. పూలబుట్ట పట్టుకుంటే కనిపించకుండా సర్దుకునేది.

ఆ మాఘమాసంలో రామచంద్రపురం వైపు ఒక పెళ్లికి పిలుపొచ్చింది. పెళ్లికూతురు అద్దం ముందు కూర్చుంది. సత్యవేణి వెనక నిలబడి జడను ఆమె జుట్టుకు కలిపి కుడుతోంది. గదినిండా ఆడవాళ్లు. ఎవరో ఏదో అడిగితే సమాధానం చెబుతూ చెయ్యెత్తి పక్కపాపిట సర్దింది. పెళ్లికూతురు అద్దంలోకి చూసి, మెల్లగా అంది:

"అక్కా, మీ వేలికి సూది దిగిపోయుందండి."

అవును, నేను ఆ చిటికెనవేల్లో సగం దాకా దిగి వేలాడుతున్నాను. నా కన్నులోంచి దారం, ఆ దారానికి రెండు మొగ్గలు. గదిలో అందరూ చూశారు. సత్యవేణి ఒక్కతే ఆఖరున చూసింది.

"నొప్పి పుట్టట్లేదా?" అని అడిగింది పెళ్లికూతురి తల్లి. జవాబు కోసం ఆగలేదు. ముడుచుకున్న ఆ వేలి వంక చూసింది, రవికె చేతుల వంక చూసింది. కత్తెర తెమ్మంది.

"అమ్మా, బాగానే ఉంది కదే, ఉండనీ" అంది పెళ్లికూతురు.

"నువ్వు మాట్టాడకు."

పూలజడ కుట్లు కత్తిరించి, చేతికి గుడ్డ చుట్టుకుని దాన్ని ఎత్తి, పెరట్లో పారేశారు. పెళ్లివారి మేక దాన్ని కనకాంబరాలతో సహా నమిలేసింది. మేకకు ఏమీ కాలేదు. పెళ్లికూతురు ఉత్త జడతో పీటల మీద కూర్చుంది. సత్యవేణి నన్ను తన వేల్లోంచి తనే లాక్కుని, డబ్బాలో పెట్టుకుని, బస్టాండు దాకా నడిచింది.

మర్నాడు పొద్దున్నే ఆమె ఏసుమణి వాళ్లింటికి వెళ్లింది.

"మీ గుమ్మంలోకే వచ్చాను కదమ్మా" అంది ఏసుమణి. అంతకు మించి ఏమీ అనకుండా ఆస్పత్రికి తీసుకెళ్లింది.

మాత్రలకు సత్యవేణి ఒళ్లు నల్లబడింది. రోగం ఆగిపోయింది. ఇక ఎవరికీ అంటదని డాక్టరు చెప్పాడు. ముడుచుకున్న వేళ్లు తెరుచుకోవని, పోయిన స్పర్శ రాదని కూడా చెప్పాడు. మొదటి మాట ఊళ్లో ఎవరికీ వినిపించలేదు. పిలుపులు ఆగిపోయాయి. భర్త సూరిబాబు పూలలారీ నడుపుతాడు, మంచివాడే, గట్టిగా ఒక్క మాట అనలేదు. కంచం తీసుకెళ్లి అరుగు మీద తినడం మాత్రం మొదలుపెట్టాడు. ఒకసారి ఆమె అడిగింది.

"డాక్టరు చెప్పింది నువ్వూ విన్నావు కదా?"

"విన్నాను. లోపల ఉక్కగా ఉంటంది, అందుకని" అన్నాడు. అది పుష్యమాసం.

కుడిచేతి వేళ్లకూ తిమ్మిరి అప్పటికే పాకింది. రెండు మూడుసార్లు నన్ను తీసి, ఉత్త గుడ్డ మీద కుట్టి చూసుకుంది. గుడ్డంతా చుక్కలు చుక్కలుగా నెత్తురు. ఒక పుండు మానక వేలికొన తీసేయాల్సి వచ్చింది. ఆ తర్వాత నన్ను వంటింటి గూట్లో, పిన్నీసుల డబ్బాలో పడేసింది.

పుణ్యవతి మొగుడికి నర్సరీలో పని పోయింది. ఒకరోజు ఆమె వచ్చి గుమ్మంలో నిలబడింది.

"వదినా, సీమంతానికి జడ కావాలని అడుగుతున్నారు. నేను కుడదామనుకుంటున్నాను. నీకు కష్టమనిపిస్తే వద్దులే."

"కుట్టు. లోపలికి రా, నీకు సూదిస్తాను" అంది సత్యవేణి.

గూడు ఎత్తుగా ఉంది, పైగా చీకటి. డబ్బాలోకి చెయ్యి పెట్టి వెతికింది. ఆ వేళ్లు నా మీదికి వచ్చాయి, నన్ను అటూ ఇటూ దొర్లించాయి, దాటి వెళ్లాయి, మళ్లీ వచ్చాయి. అవి నన్ను గుర్తుపట్టలేదు.

"ఇందులోనే పెట్టాను. కనపడట్లేదు" అంది సత్యవేణి.

ఆమె చెయ్యి ఇంకా లోపలుండగానే పుణ్యవతి డబ్బా కిందికి దించి వెలుతురులోకి వంచింది.

"నీ వేళ్లకిందే ఉంది వదినా."

సత్యవేణి తల వంచి చూసింది. తర్వాత, పుణ్యవతి నన్ను తీసుకోవడానికి వీలుగా, తన చేతిని పక్కకు జరుపుకుంది.