ఊదారంగు పన్ను

ఆ పొద్దు గిద్యోను చేతుల్లో పడిన మొదటి తల కృష్ణవేణమ్మది. మార్కాపురంలో డాక్టర్ రాజేష్ పళ్ల ఆసుపత్రి పద్ధతి ఒకటే: డాక్టరు పన్ను పట్టుకుంటే గిద్యోను తల పట్టుకుంటాడు. ఆయమ్మ కాళ్లు తన్నుకునింది, గిద్యోను చెయ్యి కొరికింది, డాక్టరును "నీ పాడె గట్ట" అనింది. పన్ను ఊడినాక పమిట సర్దుకొని, "నొప్పే తెలీలేదు నాయనా" అనింది. మర్యాదస్తుల ఇంటి మనిషి.

పళ్ల ఆసుపత్రిలో పనిచేసే గిద్యోనుకే ముందుపన్ను సగం లేదు. వయసులో పలకల ఫ్యాక్టరీకి పోయే రోజుల్లో, ఒక క్రిస్మస్ నాడు, కోడికూరలో కార్జం ముక్క ఎవరిదని అన్న ఏబేలు పలక తీసుకొని మూతి మీద కొట్టినాడు. బైబిల్లో ఏబేలు అన్న చేతిలో దెబ్బ తిన్నోడు, వీళ్లింట్లో కొట్టినోడు. అప్పటినుంచి గిద్యోను నవ్వొస్తే చెయ్యి అడ్డం పెట్టుకుంటాడు. పెళ్లి ఫోటోలో కూడా పక్కన పెళ్లికూతురు కాదు, పోలీసు ఉన్నట్టు మూతి బిగించి ఉంటాడు.

"ఈ పొద్దన్నా పన్ను పెట్టించుకోయ్యా," అని పొద్దున్నే చెప్పింది భార్య యేసుమణి. "సాయంత్రం పట్టుచీర కట్టుకొని నేనే వస్తా. స్టూడియోకు పోదాం. పళ్లు కనపడేటట్టు నవ్వాల నువ్వు."

డాక్టరు కొత్త మిషను తెచ్చినాడు మరి. మునుపైతే ముద్ద కరిపించి, అచ్చు తీసి ఒంగోలు బస్సుకు ఎక్కిస్తే, వారానికి పన్ను దిగేది. ఆ వారంలో దెబ్బ తిన్నోడి కోపం కూడా దిగేది. ఇప్పుడట్ల కాదు. పెన్నులాంటి కెమెరా నోట్లో తిప్పితే నోరంతా టీవీలో పడతాది. మిషన్లో పింగాణీ దిమ్మ పెడితే నీళ్లు చిమ్ముకుంటా పన్ను చెక్కేస్తాది. చెక్కినప్పుడు ఊదారంగులో ఉంటాది, పొయ్యిలో కాలిస్తే పన్ను రంగుకొస్తాది. పొద్దున పళ్లు రాలగొట్టించుకున్నోడు సాయంత్రానికి జొన్నరొట్టె కొరకొచ్చు.

ఆసుపత్రి గోడకు పెట్టే ఫోటో కోసం గిద్యోనుకు ఊరికే పన్ను పెడతానన్నాడు డాక్టరు. కెమెరా తిప్పినాడు.

"నా నోరు ఇంత పెద్దదా సార్?"

"జీతం అడిగేటప్పుడు ఇంకా పెద్దగా ఉంటాది."

దిమ్మ బిగించి మీట నొక్కబోతా ఉంటే తలుపు దబ్బుమని తెరుచుకునింది. కాలేజీ లెక్చరరు శ్రీహరి. నోట్లో తువ్వాలు, తువ్వాలు నిండా నెత్తురు.

"ఏమయిందండీ?"

"బాత్రూంలో జారినా."

చెంప మీద ఆ బాత్రూం నాలుగువేళ్లూ అచ్చు పడి ఉండాయి. ఆ దెబ్బ ఎందుకో ఊరంతా తెలిసిన సంగతే. సాయంత్రం ఆయన కొత్తింటి గృహప్రవేశం. ఫ్లెక్సీలో బామ్మర్ది నరసింహులు ఫోటో ఇంటి కుక్క ఫోటో కంటే చిన్నగా వేయించినాడు.

"బంధువులంతా వస్తారు సార్. ఈ మూతితో ఎట్ల నిలబడేది?"

డాక్టరు గిద్యోను వైపు చూసినాడు. గిద్యోను తన దిమ్మ తానే ఊడదీసి పక్కన పెట్టి, శ్రీహరి తల పట్టుకున్నాడు.

మధ్యాహ్నం దాటేసరికి శ్రీహరికి పన్ను వచ్చింది. అద్దంలో అటూ ఇటూ చూసుకొని సెల్ఫీ దిగినాడు. సరిగ్గా అప్పుడే ఆయన భార్య నాగలక్ష్మి తమ్ముణ్ణి చొక్కా పట్టి లాక్కొచ్చింది.

"బావకు సారీ చెప్పు."

నరసింహులు బావ నోట్లోకి తొంగి చూసినాడు. "ఏంది బావా, అప్పుడే మొలిచిందా? ఈమాత్రం దానికి సారీ ఎందుకక్కా?"

వారం రోజులు బోసినోటితో ఉండుంటే, శ్రీహరి "పోనీలే" అనేవాడేమో. కొత్త పన్ను గట్టిదో కాదో బామ్మర్ది చెవి మీద చూసుకున్నాడు. గట్టిదే. నరసింహులు గావుకేక పెట్టి ఇనప స్టూలు ఎత్తినాడు. గిద్యోను అలవాటు కొద్దీ మధ్యలోకి పోయి శ్రీహరి తల రెండు చేతులా పొదివి పట్టుకున్నాడు. స్టూలు గిద్యోను కణత మీద పడింది.

"పన్ను జాగ్రత్తయ్యా!" అని అరిచింది నాగలక్ష్మి మొగునితో.

పురోహితుడు వచ్చి కూర్చున్నాడని ఫోన్ వచ్చింది. ముగ్గురూ ఒకే కార్లో పోయినారు.

డాక్టరు దూది ఒత్తి, "పెద్దాసుపత్రికి పోదాం పా," అన్నాడు.

"ముందు పన్ను సార్. లేటయితే ఇంకెవరో బాత్రూంలో జారి వస్తారు."

డాక్టరు ఇంకోసారి చెప్పినాడు. గిద్యోను వినలేదు. ఫినాయిల్ పోసి తన నెత్తురు తానే తుడిచి, దిమ్మ బిగించి, పోయి కుర్చీలో వాలినాడు. డాక్టరు మీట నొక్కినాడు. తల పట్టుకోను ఎవరూ లేరు. మిషను బరబరా చెక్కతా ఉంటే, చెయ్యి అడ్డం పెట్టకుండా నవ్వడం ఎట్లనో ఒకటి రెండు సార్లు నవ్వి చూసుకున్నాడు. తర్వాత కండ్లు మూసుకున్నాడు.

మిషను ఆగింది. కొలత చూడను డాక్టరు పన్ను పట్టుకొచ్చినాడు.

"నోరు తెరువు గిద్యోనూ."

నోరు తెరిచే ఉంది. డాక్టరు మళ్లీ పిలిచినాడు. మణికట్టు పట్టి చూసినాడు. పన్ను పళ్లెంలో పెట్టి, పక్కకు వాలిపోతా ఉన్న ఆ తలను రెండు చేతులా పట్టుకున్నాడు.

తలుపు దగ్గర పట్టుచీర గరగరలాడింది.

"ఏదీ, నవ్వు చూద్దాం," అనింది యేసుమణి.

పళ్లెంలో, ఇంకా కాల్చని ఊదారంగు పన్ను నీళ్లోడుతా ఉండింది.