దువ్వని ఇసుక

నా కూతురు నీహారిక పెద్దయ్యాక మా మావగారిలా తయారవుతుందేమోనన్నదే నాకు అన్నిటికంటే పెద్ద భయం. మిగతా భయాలు లేవని కాదు. దానికి ఆయాసం ఉంది కాబట్టి దుమ్మంటే భయం, చల్లగాలంటే భయం, దగ్గు వినపడితే భయం, వినపడకపోతే ఇంకా భయం. వాటికి ఇన్‌హేలర్ ఉంది, డాక్టరున్నాడు. ఈ భయానికి ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలియదు.

మా మావగారి పేరు నరసరాజు. భీమవరం వైపు నుంచి వచ్చి కార్ఖానా ఏరియాలో టైల్స్ షోరూం పెట్టారు, పద్మారావు నగర్‌లో ఇల్లు కట్టారు. భోజనం చేసిన కంచం తన ముందు నుంచి ఎలా మాయమవుతుందో ఆయనకు తెలియదు. మంచం మీద పడేసిన తడి తువ్వాలు ఎండి, మడతపడి, బీరువాలోకి తనంతట తనే వెళ్తుందని ఆయన నమ్మకం కాబోలు. మా అత్తయ్యగారు సీతామహాలక్ష్మి పెళ్లయిన దగ్గర్నుంచీ ఆయన వెనకాల నడుస్తూ, ఆయన వదిలినవన్నీ ఏరుతున్నారు. నేను కోడలిగా వచ్చాక అందులో సగం నాకిచ్చారు. నా ఇంటర్ మధ్యలో ఆపించింది కూడా మావగారే. "మా ఇంట్లో కోడలికి ఉద్యోగం చెయ్యాల్సిన ఖర్మేంటి?" అన్నారు. ఉద్యోగం లేదు, నిజమే. పనికి మాత్రం లోటు రాలేదు.

ఇప్పుడు నీహారిక కూడా కంచం అక్కడే వదిలేసి లేస్తోంది. "అమ్మా, తీసెయ్," అంటుంది, టీవీలోంచి కళ్లు తిప్పకుండా. వాచ్‌మన్‌ని చిటికేసి పిలిచింది మొన్న. దానికింకా ఆరేళ్లు. తాతయ్య చూసి మురిసిపోయారు. "రాజుల బిడ్డ!" అన్నారు.

అరవై దాటాక, బిల్డర్లతో పరిచయాలు పెరుగుతాయని ఎవరో చెబితే మావగారు గోల్ఫ్ మొదలుపెట్టారు. "ఇది జెంటిల్‌మన్ల ఆట అమ్మాయ్. క్రికెట్‌లోలా అంపైరుండడు. ఎవడి తప్పు వాడే చెప్పుకోవాలి," అని మజ్జిగన్నం తింటూ మాకందరికీ పాఠం చెప్పేవారు. అంపైరు లేని ఆట ఆయనకు నచ్చడంలో వింతేముంది?

ఆదివారం పొద్దున్నే మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లేవారు. దాని వెనక నేను. సంచిలో ఇన్‌హేలర్, వేణ్నీళ్ల సీసా, స్వెట్టర్, ఇంకో స్వెట్టర్. ఎవరూ నన్ను పలకరించేవారు కాదు కాబట్టి, ఆట చూడ్డానికి నాకు కావలసినంత తీరిక.

గోల్ఫ్ మైదానం నిండా పచ్చిక ఉంటుందని మీకు తెలిసే ఉంటుంది. మధ్యమధ్యలో కావాలని ఇసుక గుంటలు తవ్వి పెడతారు. బంకర్ అంటారు. బంతి అందులో పడితే దిగి కొట్టాలి. కొట్టాక, గుంట పక్కనే పడుకోబెట్టి ఉండే రేక్ అందుకుని, అంటే పొడుగు కర్రకు పళ్లు బిగించిన దువ్వెనలాంటిదన్నమాట, తన కాలిగుర్తులన్నీ చదును చేసి బయటికి రావాలి. తర్వాత వచ్చేవాడి బంతి మన అడుగులో పడితే వాడికి అన్యాయం కదా. వాడు ఆ అడుగులోంచే కొట్టాలి, పక్కకు జరుపుకోవడానికి లేదు. ఇంకో సంగతి, కొట్టకముందు మాత్రం బంతి చుట్టుపక్కల ఇసుక సర్దకూడదు. అంతే. ఇంటర్ ఆపేసిన నాకే ఒక్క ఆదివారంలో అర్థమైంది. క్లబ్బు వాళ్లు మొదట్లోనే బోర్డు కూడా పెట్టారు, మూడు భాషల్లో. మావగారికి మూడూ వచ్చు.

ఆయన సామాను మోసే క్యాడీ పేరు లక్ష్మణ్. మల్కాజ్‌గిరి నుంచి వస్తాడు. యాభై ఉంటాయేమో. మావగారు గుంటలోంచి గేదెలా ఎక్కి వచ్చేస్తే, అతను దిగి దువ్వేవాడు. క్యాడీలు అలా చెయ్యడం అక్కడ మామూలే. కానీ చాలామంది "థాంక్స్ భాయ్" అనైనా అంటారు. మావగారు వెనక్కి తిరిగి కూడా చూడరు. ఇంట్లో తువ్వాలు, ఇక్కడ ఇసుక.

క్లబ్బులో పోటీ పెట్టిన ఆదివారం సంగతి ఇది. అంతకుముందు వాన కురిసి ఇసుక తడిగా ఉంది. మావగారి జతగా ఆడుతున్నది ప్రభుదాస్ గారు, రైల్వేలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. ఒకరి స్కోరు, అంటే ఎన్ని దెబ్బలు కొట్టారో, ఇంకొకరు రాయాలి; తక్కువ దెబ్బల్లో ముగించినవాడిదే గెలుపు. మాదే ఆఖరి జట్టు. మా వెనక ఎవరూ లేరు. ఆ మైదానం చిన్నది, ఒక చుట్టు తిరిగాక అవే గుంటలు, అదే పచ్చిక, మళ్లీ రెండో చుట్టు ఆడాలి.

మొదటి చుట్టులో, చింతచెట్టు పక్కనున్న బంకర్‌లో మావగారి బంతి పడింది. అదే సమయానికి ఫోను ఎక్కడో వదిలేశానని గుర్తొచ్చి లక్ష్మణ్‌ని వెనక్కి పరిగెత్తించారు. దిగారు, కొట్టారు, ఇసుకంతా తొక్కి ఎక్కొచ్చేశారు. ప్రభుదాస్ గారు అప్పటికే ముందుకు వెళ్లిపోయారు. నీహారికకు తమాషాగా తోచి గుంటలోకి దూకి, తాతయ్య వేసిన ఒక్కో అడుగు పక్కనా తన అడుగు వేసుకుంటూ వచ్చింది. దాని బూట్ల అడుగున నక్షత్రాలుంటాయి. తడి ఇసుకలో అచ్చు గుద్దినట్టు పడ్డాయి.

నేను రేక్ మీదికి వంగాను.

"అమ్మాయ్, ఏంటది? నువ్వు పనిమనిషివా?" అన్నారు మావగారు. "రాజుల ఇంటి కోడలు ఇసుక ఊడవడమేంటి? నలుగురూ చూస్తే నా పరువేం కాను?"

చుట్టూ చూశాను. చింతచెట్టు మీద కాకి తప్ప ఎవరూ లేరు.

లక్ష్మణ్ ఫోను తెచ్చిచ్చి, ఆయాసపడుతూ, "సార్, బంకర్ సాఫ్ చేసిన్రా? లేకుంటే నేను జెర పోయి చేసొస్త," అన్నాడు.

"అయింది, అయిందిలేవయ్యా. నడువు," అన్నారు మావగారు, మొహంలో ఒక్క గీత కూడా చెదరకుండా. నీహారిక ఆయన మొహంలోకి చూసింది. దగ్గు వచ్చినప్పుడు కూడా నాకు అంత భయం వెయ్యదు.

రెండో చుట్టుకు వచ్చేసరికి మావగారు గెలిచేలా ఉన్నారు. ఫోన్లో షోరూం మేనేజరుకి చెప్పేశారు కూడా, కప్పు పెట్టడానికి అద్దాల బీరువాలో చోటు చెయ్యమని. చింతచెట్టు దగ్గర కొట్టిన బంతి ఎగిరి, దొర్లి, బంకర్ అంచు దాటి లోపలికి జారింది. వెళ్లి చూస్తే ఒక లోతైన మడమ గుర్తులో గుడ్డులా కూర్చుని ఉంది.

ఎవరి మడమో చెప్పాలా?

"ఎవడండీ ఈ పని చేసింది?" అని మావగారు కేక వేశారు. నిజంగానే వేశారు. అంత నిజాయితీగా కోప్పడటం నేనింతవరకూ చూడలేదు. "మనుషులా పశువులా? బోర్డు కనపడదా? ప్రభుదాస్ గారూ, దీన్ని పక్కకు తీసి కొడతాను."

"సారీ రాజుగారూ. అడుగు ఎవరిదైనా, బాల్ ఉన్నచోటి నుంచే ఆడాలి," అన్నారు ప్రభుదాస్ గారు మెల్లగా.

మావగారి చూపు లక్ష్మణ్ మీదికి తిరిగింది. "నువ్వేరా! పొద్దున దువ్వమంటే దువ్వలేదు."

"గదేంది సార్? నేను అడిగితే అయిందన్నరు గద మీరే?"

"నేనన్నానా? అబద్ధాలాడతావా? కమిటీకి చెప్పి నీ బ్యాడ్జి పీకించేస్తాను. రేపట్నుంచి గేటు దాటలేవు నువ్వు!"

లక్ష్మణ్ సంచి పట్టీ భుజం మీద సర్దుకున్నాడు.

"కావాలంటే పిల్లనడగండి," అన్నారు మావగారు, ప్రభుదాస్ గారి మొహంలో అనుమానం చూసి. "పిల్లలు అబద్ధం చెప్పరు. చెప్పమ్మా చిట్టితల్లీ, తాతయ్య ఇసుక సర్దాడా లేదా?"

నీహారిక తాతయ్యను చూసింది. లక్ష్మణ్‌ని చూసింది. నన్ను చూడలేదు.

"సర్దాడు," అంది. "లక్ష్మణే మళ్లీ పాడు చేశాడు."

లక్ష్మణే. అంకుల్ అని కూడా కాదు. అడగని మాట ఇంకొకటి కలిపి మరీ చెప్పింది. గొంతు దానిదే, మాట తీరు మాత్రం ఆయనది. మొహంలో ఒక్క గీత కూడా చెదరలేదు.

ఆ ఇంట్లో నేను గట్టిగా మాట్లాడిన సందర్భాలు తక్కువ. అవి కూడా డాక్టరుతోనూ, ఆటోవాళ్లతోనూ. ఆ రోజు నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

"నిహా, నీ బూటు ఎత్తు."

"ఎందుకు?"

"ఎత్తమన్నానా."

ఎత్తింది. అడుగున నక్షత్రాలు. ప్రభుదాస్ గారు బూటు చూసి, బంకర్‌లోకి చూశారు. పెద్ద అడుగు, పక్కన నక్షత్రం. పెద్ద అడుగు, పక్కన నక్షత్రం. బంతికి జానెడు ముందు కూడా ఒకటి.

"ఈ అడుగులు మావేనండీ," అన్నాను. "మొదటి చుట్టులోవి. లక్ష్మణ్ గారు అడిగితే, అయిందని మావయ్యగారే చెప్పారు."

"దాని మాటలేంటండీ, ఇంటర్ కూడా పాసవ్వలేదు! గోల్ఫ్ గురించి దానికేం తెలుసు?" అంటూ మావగారు నవ్వబోయారు. నవ్వు కుదరలేదు. అప్పుడు ఆయన చేసిన పని నేను చచ్చేదాకా మర్చిపోను. వంగారు. నడుము నొప్పని కింద పడ్డ పెన్ను కూడా తియ్యని మనిషి వంగి, రేక్ అందుకుని, గుంటలోకి దిగి, బంతి ముందున్న నక్షత్రాన్ని బరబరా చెరిపేశారు. దాని పక్కది కూడా. ఆపైన పైకి చూసి, "ఏదీ, ఎక్కడ?" అన్నారు.

లక్ష్మణ్ తల అటు తిప్పుకున్నాడు, నవ్వు దాచుకోవడానికే అనుకుంటా.

"రాజుగారూ," అన్నారు ప్రభుదాస్ గారు, ఎవరైనా పోయిన ఇంటికి వెళ్లినప్పుడు మాట్లాడే గొంతుతో. "మీరింకా బాల్ కొట్టలేదు. కొట్టకముందు బాల్ వెళ్లే దారి సాఫ్ చేశారు. టూ స్ట్రోక్స్ పెనాల్టీ రాస్తున్నాను."

ఆయన ఆడటం మొదలుపెట్టాక రేక్ ముట్టుకోవడం అదే మొదటిసారి. అదీ ముట్టుకోకూడని ఒకే ఒక్క సమయంలో. దువ్వాల్సినప్పుడు దువ్వి ఉంటే ఆ కప్పు బీరువాలో ఉండేది.

తర్వాత కొట్టిన దెబ్బకు బంతి గుంట అంచుకు తగిలి మళ్లీ ఆయన కాళ్ల దగ్గరికే వచ్చింది. నాకు జాలి వెయ్యలేదు. ఎలాగో పైకి తీసి, రేక్ విసిరేసి, ఎప్పటిలాగే వెనక్కి చూడకుండా నడిచి వెళ్లిపోయారు.

లక్ష్మణ్ గుంటలోకి దిగబోయాడు. "వద్దండీ," అన్నాను. "మేం చేస్తాం."

"ఊకోర్రి అమ్మా, మీకెందుకు తక్లీఫ్? సార్ సుత గుస్సా మీదున్నడు. రెండు నిమిషాల పని."

"అందుకే మేం చేస్తాం."

నేను రేక్ పట్టుకుని దిగాను. నీహారిక గట్టు మీద నిలబడి, చేతులు వెనక్కి పెట్టుకుని, నన్ను పైనుంచి కిందికి చూసింది.

"అమ్మా, నువ్వు పనిమనిషివా?" అంది.

కొట్టలేదు. కొట్టాలనిపించింది. దాన్ని ఎత్తి గుంటలో దించి, రేక్ చేతిలో పెట్టాను. కర్ర దానికంటే పొడుగు. ఏడ్చింది, కాలు నేలకేసి కొట్టింది, అలా ఇంకో నాలుగు నక్షత్రాలు పడ్డాయి. తర్వాత ముక్కు ఎగబీలుస్తూ లాగడం మొదలుపెట్టింది. వంకర టింకరగా, నన్ను తిట్టుకుంటూ, అయినా లాగింది. గుంటంతా చదునయ్యాక మూలన ఒక్క నక్షత్రం మిగిలింది. మర్చిపోయిందో, కావాలని వదిలేసిందో నాకు తెలియదు. అడిగితే చెప్పలేదు. ప్రభుదాస్ గారు కమిటీకి ఉన్నదున్నట్టు రాసిచ్చారు కాబట్టి లక్ష్మణ్ బ్యాడ్జి ఎక్కడికీ పోలేదు. మావగారు కొత్త క్యాడీని మాట్లాడుకున్నారు.

ఇంటికొచ్చాక నా భర్త సత్యదేవ్, "నాన్నగారి ఆటలో నువ్వెందుకు తలదూర్చావు?" అన్నాడు, తాగిన కాఫీ కప్పు సోఫా చేతి మీద పెట్టి. ఇంకెవరైనా తీస్తారని. అది అక్కడే ఉంచాను. రాత్రికి చీమలు పట్టాయి.

మావగారి తీర్పు ఒక్క ముక్క. ఇక ఆదివారాలు నేను రాకూడదు, పిల్ల మాత్రం వెళ్తుంది. బతిమాలాను, ఆయాసం సంగతి చెప్పాను. "క్యాడీ చూసుకుంటాడు," అన్నారు. ఆదివారం పొద్దున కారు గేటు దాటేదాకా నిలబడతాను. మధ్యాహ్నం అది రాగానే బూట్లు తిరగేసి చూస్తాను. ఇసుక ఉంటుంది. ఆ ఇసుక తొక్కి వచ్చేసినదో, దువ్వి వచ్చినదో బూట్లు చెప్పవు.

మీలో ఎవరైనా ఆదివారం పొద్దున అక్కడ ఆడేవాళ్లుంటే, మీకో పని చెబుతున్నాను. గులాబీ రంగు టోపీ పెట్టుకుని, పెద్దమనిషి వెనకాల నడిచే పిల్ల కనబడుతుంది. ఛాతీ ఎగసిపడుతున్నట్టుంటే దాని సంచి ముందు జేబులో ఇన్‌హేలర్ ఉంది, ఇవ్వండి. తాతయ్య బంకర్‌లోంచి ఎక్కి వెళ్లిపోయాక మాత్రం ఒక్క క్షణం ఆగండి. అది కూడా ఆయన వెంటే వెళ్లిపోతుందో, ఆగి రేక్ కోసం వెతుక్కుంటుందో, మీ ఆట ఆపి కాస్త చూసి నాకు చెప్పండి.