బోగీలు ఊడతాయని

నేను ఒక పెన్ డ్రైవ్‌ని. విజయనగరంలో ఒక సెల్‌ఫోన్ల కొట్టులో వేలాడుతుంటే పైడిరాజు కొన్నాడు. వారం తిరక్కుండా నా మూత పోగొట్టాడు. మనుషులు మూతల్ని దాచుకోలేరు గానీ తప్పుల్ని మాత్రం భద్రంగా దాచుకుంటారు. ఎక్కడంటారా? నాలో.

పైడిరాజు ఇంజనీరింగ్ ఆఖరి సంవత్సరం. అతనూ, యామినీ, షకీలూ కలిసి ప్రాజెక్టుగా ఒక ఆట తయారుచేస్తున్నారు. ఆలోచన యామినిది. అందరిలా హాజరు యాప్ చేసుకోమన్న ప్రాజెక్టు గైడ్ అరుంధతి మేడమ్‌తో వాదించి మరీ ఒప్పించింది. ఆట కుదరకపోతే ముగ్గురికీ సెమిస్టర్ పోతుంది.

సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకు మంచి అలవాట్లు నేర్పే ఆట అది. రాసిన కోడ్‌ను ఎప్పటికప్పుడు ఉమ్మడి చోట పెట్టి, పరీక్షించి, ఏం మార్చావో ఒక్క ముక్కలో చెబితే తెరమీద నీ రైలుకు బోగీ తగులుతుంది. తోటివాళ్లు అందులో తప్పు పట్టుకుంటే బోగీ ఊడుతుంది. ముందు తమ మీదే ప్రయోగించుకున్నారు. ఆటను తయారుచేస్తూ అదే ఆట ఆడారు.

పైడిరాజు రైలు తెర దాటిపోయింది.

"ఏట్రా, గూడ్సు బండి కట్టావేటి?" అన్నాడు షకీల్.

"కుళ్లుకోకు మావా. నా బండికి ప్లాట్‌ఫారం చాలట్లేదు."

నిజానికి అతను ఉమ్మడి చోట పెట్టినవన్నీ తేలిక పనులే. రంగులు, బటన్లు, రైలు కూత. ఇద్దరు ఒకేసారి ఆడే భాగం కష్టమైనది. దాన్ని నాలో పెట్టుకుని ఎవరికీ చూపించలేదు. యామిని అడిగినప్పుడల్లా "అయిపోతంది" అనేవాడు. రాత్రిళ్లు నన్ను తెరిచి చూసి, నిట్టూర్చి మూసేసేవాడు.

మేడమ్ చూసే రోజు రానే వచ్చింది. పైడిరాజు చివరి నిమిషంలో నన్ను కంప్యూటర్‌కి తగిలించి, నాలో ఉన్నదంతా ఆటలో కలిపేశాడు. అప్పటికే మిగతా ఇద్దరూ ఆటను ఎంతో మార్చేశారు. రెండూ పొసగలేదు. తెర నల్లబడింది.

మేడమ్ కేకలు వేయలేదు. అదే భయపెట్టింది.

"మంచి అలవాట్లు నేర్పే ఆట కదమ్మా ఇది? చేసినవాళ్లకే నేర్పలేదే. సోమవారం మార్కులు పంపాలి. ఆ పొద్దున్నే చూపించండి, లేదంటే నేనేం చేయలేను."

ఆవిడ వెళ్లాక యామిని పైడిరాజు వైపు తిరిగింది. "ఎప్పుడు రాశావిది?"

"ఎప్పుడో."

"మరి చూపించలేదేటి?"

"చూపిత్తే తప్పులు పడతారు. బోగీలూడిపోతాయి. నాదే పెద్ద బండని క్లాసంతా అంటన్నారు..."

షకీల్ పళ్లు కొరికాడు. యామిని కూడా ఏదో అనబోయి, ఖాళీ తెర వైపు తిరిగింది.

"ఆ రూల్ రాసింది నేనేరా. తప్పు బయటపెడితే శిక్ష అన్నాను. మరి ఎవడు పెడతాడు?"

ఆ శనాదివారాల్లో ఆమె రూల్ మార్చింది. తప్పు పట్టుకున్నవాడికీ బోగీ, చూపించినవాడికీ బోగీ. పైడిరాజు నాలో దాచిందంతా చిన్న చిన్న ముక్కలు చేసి బయటపెట్టాడు. ముగ్గురూ ఒక్కో ముక్కా పరీక్షించి కలిపారు.

సోమవారం ఇద్దరు ఆడే భాగంలో రెండు రైళ్లూ తెరమీద పక్కపక్కనే పరుగెత్తాయి. బాగుందని మేడమ్ తలాడించేలోగా పైడిరాజు చెయ్యెత్తాడు.

"మేడమ్, రెండూ ఒకేసారి ఆగితే ఒకటి మాయమైపోతంది. తప్పెక్కడో ఇంకా దొరకలేదు."

షకీల్ తల పట్టుకున్నాడు. మేడమ్ కళ్లజోడు సర్దుకుని, ఖాళీ కుర్చీ లాక్కుని అతని పక్కన కూర్చుంది. "ఏదీ, చూపించు."

తెరమీద పైడిరాజు రైలుకు ఒక బోగీ వచ్చి తగులుకుంది.

నేనిప్పుడు షకీల్ వాళ్ల బాబాయి ఆటోలో పాటలు వినిపిస్తున్నాను. నాలో ఏదో ఉండిపోయిందంటూ ఆ ముగ్గురిలో ఎవరూ నాకోసం రాలేదు. వాళ్లు పాసయ్యారని నాకు అలాగే తెలిసింది.