బొంగరానికి నేను ఎంచిన సామాను

మా తోడల్లుడు నా కడుపు కొట్టాడు. ఇంట్లో అందరూ వాణ్ణి బొంగరం అంటారు. ఏ పనిలోనూ మూడు నెలలు నిలబడడు, గిర్రున తిరిగి పడిపోతాడు. అచ్చాఫీసులో పడ్డాడు, తాళాల కొట్టులో పడ్డాడు, చివరికి వచ్చి నా మీద పడ్డాడు.

నాది చేతికర్రలు చెక్కే పని. ఏడో తరగతిలో బడి మానేసిన నాకు అదొక్కటే వచ్చు. గది మా మామగారిది. చేతులు వణకడం మొదలయ్యాక ఆయన ఉలి నాకిచ్చి మూల కుర్చీలో కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్లుగా ఆ గదిలో పొట్టు ఊడ్చింది నేను. నా తర్వాత ఇది నీదే అని నోటితో అన్నాడు తప్ప కాగితం మీద పెట్టలేదు. అలాంటప్పుడు చిన్నల్లుడు వచ్చి నేనూ నేర్చుకుంటానంటే నాకెలా ఉంటుంది?

"అన్నయ్యా, ముందు ఏమేం కొనాలో చెప్పు. ఎక్కువ వద్దు, మొదలుపెట్టేవాడికి సరిపోయేవి చాలు."

"రాసుకో," అన్నాను.

కొత్తవాడికి కావలసింది వేలెడు పొడవున్న గట్టి కత్తి, సన్నటి గుండ్రటి ఉలి, ఆకురాయి, సానరాయి, బొటనవేలికి తోలు తొడుగు. నిద్రలో లేపి అడిగినా చెబుతాను. రాయించింది మాత్రం వేరు. జానెడు మడత కత్తి. తలుపులు చెక్కే వెడల్పాటి ఉలి. రెండింటికీ చేతిలో జారిపోయే నున్నటి పిడులు. చెక్క కూడా నేనే చెప్పాను, ముడులున్న పచ్చి కొమ్మ.

"మరి సానరాయి?"

"కొత్త కత్తికి సాన దేనికిరా? డబ్బులెక్కువయ్యాయా?"

"చేతికి తొడుగేదో ఉంటుందటగా."

"పెళ్లికూతురివా ఏం? తొడుగేసుకుంటే చెక్క నాడి తెలీదు."

నవ్వాడు. నమ్మాడు. నెలలో విసిగిపోయి మానేస్తాడనుకున్నాను. వేలు తెగితే ఇంకా తొందరగా మానేస్తాడనీ అనుకున్నాను, అబద్ధం దేనికి. సాన పెట్టని కత్తిని బలంగా నొక్కాలి, అందుకే అది చెక్కను వదిలి చేతిని కోస్తుంది.

జన్మలో మొదటిసారి ఆ వెధవ ఒక పనిలో నిలబడ్డాడు. రోజూ వచ్చి గీకాడు. మూడో వారం ముడి దగ్గర కత్తి జారి, మడతపడి, ఎడమ బొటనవేలి నరం తెగింది. ఇక ఆ వేలు వంగదని కుట్లు వేసిన డాక్టరు చెప్పాడు.

కట్టుతోనే గదికి వచ్చాడు. "నాదే పొరపాటు మామయ్యా. అన్నయ్య అన్నీ దగ్గరుండి రాయించాడు," అన్నాడు. పాపం, నన్ను వెనకేసుకొస్తున్నాననుకున్నాడు.

మామగారు వాడి సంచి తెరిచి ఒక్కొక్కటీ బల్ల మీద పెట్టాడు. కత్తి అంచును గోటి మీద ఆనించి చూశాడు.

"పని రానివాడు కొంటే పొరపాటునైనా ఒక మంచిది పడుతుంది," అన్నాడు నా వైపు చూడకుండా. "ఇందులో ఒక్కటీ లేదు. ఇంత శ్రద్ధగా ఎంచాలంటే పని బాగా వచ్చి ఉండాలి అల్లుడూ."

"పంతొమ్మిదేళ్లు మామయ్యా..."

"అవును. నేనే నేర్పాను."

తన పాత పెట్టె తెరిచి పొట్టి కత్తి, సానరాయి, అరిగిన తోలు తొడుగు తీసి బొంగరం ముందు పెట్టాడు. ఆ పెట్టె కోసం నేను ఎన్నాళ్లు కాచుకున్నానో ఆయనకు తెలుసు.

"వేలు వంగకపోతే కర్రను మోకాళ్ల మధ్య పట్టు. రేపు పొద్దున్నే రా," అన్నాడు వాడితో.

వారంలో సగం గది వాడి పేర కాగితం రాయించాడు. గది మధ్యలో అడ్డగోడ వేయడానికి మేస్త్రీ వచ్చాడు. టేపు రెండో కొస నా పెళ్లామే పట్టుకుంది, నా మొహం చూడలేదు. వాడి వేలు వాడు కోసుకుంటే శిక్ష నాకు.

నాకు పోయింది పదకొండు అడుగుల పొడవు, తొమ్మిదిన్నర అడుగుల వెడల్పు. ఉన్న ఒక్క కిటికీ అందులోనే పోయింది.