మూడు వేళ్ళ పుస్తకం

భూగోళం దక్షిణపు కొసన ఉన్న ఆ దీవిలో జూన్ అంటే చలికాలం. ఆ చలిలో పొయ్యికి కట్టెలు చీలుస్తుండగా యంత్రం మెరిన్ ఎడమచేతి చిటికెన వేలిని మొదలంటా తీసేసింది. ఎవరి తప్పూ లేదు. తడిసిన దుంగ జారింది, చేతి తొడుగు చిక్కుకుంది, అంతే. హోబార్ట్ ఆసుపత్రిలో కట్టు కడుతూ డాక్టరు, "పోతే పోయింది, ఆ వేలితో పెద్దగా పనేం ఉండదులెండి" అన్నాడు. ఆమె గోడవైపు తిరిగి పడుకుంది. తను ల్యూట్ వాయిస్తానన్న సంగతి పాపం ఆయనకేం తెలుసు?

యాపిల్ షెడ్డులో పండ్లు ఏరే మెరిన్ టోల్‌హర్స్ట్‌కి యాభై రెండేళ్ళు. ఇరవై ఏళ్ళుగా ఆమె సాయంత్రాలన్నీ ఆ వాద్యానివే. నిలువునా కోసిన పియర్ పండులాంటి పొట్ట, వెనక్కి విరిచినట్టున్న తల, జంటలు జంటలుగా తీగలు, మెడ చుట్టూ పేగు దారంతో కట్టిన మెట్లు. దాని గొంతు మరీ చిన్నది, పక్కన టీ నీళ్ళు మరిగితే వినపడదు. బొటనవేలు మెడ వెనకే ఉంటుంది, మెట్లు నొక్కేవి మిగతా నాలుగు వేళ్ళే. నాలుగు వందల ఏళ్ళ కిందటి ఆ పాటల్లో దూరపు మెట్టును అందుకోవాల్సింది చిటికెన వేలే.

సిగ్నెట్ ఊళ్ళో చర్చి వెనక హాల్లో నెలనెలా మొదటి శనివారం పదకొండు మంది కలిసి వాయించేవాళ్ళు. మెరిన్ వెళ్ళడం మానేసింది. ఫోను మోగితే తియ్యలేదు. ల్యూట్ తీగలు వదులు చేసి, పెట్టెలో పెట్టి, బీరువా మీదికి ఎక్కించింది.

సెప్టెంబరులో ఒక ఉదయం ఆథోల్ డిరీన్ వచ్చి తలుపు కొట్టాడు. ఎనభై ఒక్క ఏళ్ళ మనిషి, ఒకప్పుడు పడవల ఇంజన్లు బాగుచేసేవాడు. మెరిన్‌కి మొదటి పాట నేర్పింది ఆయనే.

"ఏం మెరిన్, బతికే ఉన్నావా? పువ్వులు తేవాలో వద్దో తేలక ఊరికే వచ్చాను."

"బతికే ఉన్నాగా, చూశావుగా. ఇక వెళ్ళు."

"టీ అయినా పొయ్యవా? గుమ్మంలోంచే తరిమేస్తావా ముసలాణ్ణి?"

ఆయన లోపలికొచ్చి కూర్చున్నాక మెరిన్ ఆయన చెయ్యి చూసింది. ఎడమ చిటికెన వేలిని పక్కవేలికి కలిపి ప్లాస్టరు చుట్టి ఉంది.

"నీ వేలికేమైంది?"

"ఏం కాలేదు. కట్టేసుకున్నా. అందరం కట్టేసుకున్నాం." సంచిలోంచి లావుపాటి కాగితాల కట్ట తీసి బల్ల మీద పెట్టాడు. "నలభై మూడు పాటలు. చిటికెన వేలు పడే చోటల్లా ఇంకో దారి వెతికాం. ప్లాస్టర్లు నైరీ తెచ్చింది, బడిలో నర్సు కదా. కట్టుకున్న వేళ్ళతో ప్రతి పాటా వాయించి చూశాకే రాశాం."

ప్రతి పేజీ అడుగునా ఎవరో ఒకరి సంతకం ఉంది, మూడు వేళ్ళతో వాయించి చూశానని. మెరిన్ మొహం జేవురించింది.

"నా మీద జాలిపడమని మిమ్మల్నెవరు అడిగారు?"

"జాలా? మూడు నెలలుగా బూటు తాళ్ళు కట్టుకోలేక చస్తున్నాం! మాకున్నది జాలి కాదు, మంట. నీ వంతు నైరీ వాయిస్తోంది. తుప్పుపట్టిన గేటు తీసినట్టుంది."

"ఈ మాట నైరీతో చెప్తాను."

"చెప్పు. హాలుకొచ్చి మరీ చెప్పు." ఆయన టీ తాగి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు ఆ కట్ట బల్ల మీదే ఉంది. ఆదివారం మధ్యాహ్నం ఊరికే తిరగేస్తూ ఆథోల్ రాసిన పేజీ దగ్గర ఆగింది. ఆరు గీతల మీద అక్షరాలు, ఏ తీగ మీద ఏ మెట్టు నొక్కాలో చెప్పేవి. నెమ్మదైన నాట్యపు పాట అది. నాలుగో వరసలో ఒకేసారి మూడు స్వరాల వరసలు, మూడు గొంతుల్లా, నడవాల్సిన చోట రెండే నడుస్తున్నాయి.

"నడిమి గొంతు పీక నొక్కేశాడు ముసలాడు!" అంది పైకే.

కుర్చీ ఎక్కి పెట్టె దించింది. శ్రుతి చేయడానికే గంట పట్టింది. చూపుడు వేలిని రెండు జంటల తీగల మీద అడ్డంగా పరిచి, ఉంగరపు వేలిని పై మెట్టుకి జరిపితే నడిమి గొంతు బతుకుతుందేమో. వేలు లేని చోట సలుపుతోంది. ఆగి, చెయ్యి విదిలించి, మళ్ళీ నొక్కింది. కిటికీలో వెలుతురు తగ్గేవేళకి మూడు గొంతులూ కలిసి నడిచాయి. ఆమె పెన్సిలు తీసి ఆథోల్ అక్షరాలు కొట్టేసి పైన తనవి రాసుకుంది. అప్పుడు ఏడ్చింది, అన్ని నెలల్లో మొదటిసారి.

అక్టోబరు మొదటి శనివారం హాలుకి వెళ్ళేసరికి అందరూ కట్టిన వేళ్ళతో ఆల్చిప్పల మాంసం కూరిన స్కాలప్ పైలు తింటూ చొక్కాల మీద ఒలకబోసుకుంటున్నారు. మెరిన్ ఎవరినీ పలకరించలేదు. నేరుగా ఆథోల్ ముందు కాగితం పరిచింది.

"ఇక్కడ ఒక గొంతు కాజేశావు."

"మూడు వేళ్ళకి అందదు మరి!"

"అందుతుంది. చూడు."

ఆమె వాయించింది. ఆథోల్ తన ల్యూట్ తీసుకుని అదే వేళ్ళతో ప్రయత్నించాడు. తప్పాడు, మళ్ళీ పట్టుకున్నాడు. "అరవై ఏళ్ళుగా వాయిస్తున్నాను, నాలుగు వేళ్ళుండీ ఇది తట్టలేదు" అన్నాడు మెల్లగా.

వెనకనుంచి నైరీ, "ఇంతకీ నాది గేటు చప్పుడని నీతో అన్నాడట, తనే ఒప్పుకున్నాడు. నిజమేనా?" అంది. హాలంతా గొల్లుమంది. అందరికంటే గట్టిగా నవ్వింది మెరిన్.

ఈస్టర్‌కి హోబార్ట్‌లో ల్యూట్ వాయించేవాళ్ళ పెద్ద సమావేశం జరిగింది. మెల్‌బోర్న్, అడిలైడ్‌ల నుంచి కూడా వచ్చారు, అరవై మంది. మెరిన్ ఆ నెమ్మదైన పాట ఒక్కతే వాయించింది. మధ్యలో ఒకసారి తప్పింది. "క్షమించండి, మళ్ళీ మొదలుపెడతాను" అని మొదటికి వెళ్ళింది. ఎవరూ కదల్లేదు, దగ్గలేదు.

పాట అయిపోయి జనం కదిలాక ఒకాయన దగ్గరికొచ్చాడు. హెక్టర్ పెటిఫర్, మెల్‌బోర్న్ ల్యూట్ వాద్యకారుడు. ఆయన కచేరీల రికార్డులు మెరిన్ ఇంట్లోనే నాలుగున్నాయి. ఎడమచెయ్యి కోటు జేబులోంచి తీసి చూపించాడు. వేళ్ళ కణుపులు వాచి ఉన్నాయి.

"రెండేళ్ళయింది ఎవరి ముందైనా వాయించి. పనుల వల్లనని చెప్పి తప్పించుకుంటున్నాను. మీవాళ్ళు చెప్పిన ఆ మూడు వేళ్ళ పుస్తకం నకలు నాకొకటి ఇస్తారా?"

మెరిన్ ఆథోల్ వైపు చూస్తే ఆయన పైకప్పు చూస్తున్నాడు.

"నకలు ఇస్తే సరిపోదండీ. మీ చెయ్యి వేరు, నా చెయ్యి వేరు" అంది మెరిన్. "పెన్సిలుందా? కూర్చోండి, మొదటి పేజీ నుంచి చూద్దాం."

ఆథోల్ ఇంకో రెండు కుర్చీలు లాగాడు. హాలుకి తాళం వెయ్యాల్సినావిడ రెండుసార్లు తొంగిచూసి, తాళం వెయ్యకుండానే వెళ్ళిపోయింది.