మేకుకి వేలాడిన చొక్కా

రేకులాయన పొద్దుగూకే వేళకి పని నుంచి వచ్చేవాడు. పాత కప్పుల మీది ఆస్బెస్టాస్ రేకులు విప్పడం ఆయన పని. పెరట్లో నిలబడి చొక్కా విప్పి, రెండు దులుపులు దులిపి మేకుకి తగిలించేవాడు. వెంటనే బట్టలుతికే బండ దగ్గర ఆయన భార్య దగ్గేది. ఆవిడ పోయి చాలాకాలమైంది. దగ్గు మాత్రం అక్కడే ఉండిపోయింది.

"మీ ఆవిడకి ఇవాళ కాస్త ఎక్కువైనట్టుంది" అని పక్కింటావిడ గోడ మీంచి పలకరించేది. నా మీద కోపంలెండి అనేవాడు.

కోపమనే అనుకున్నాడు పాపం. ఆ మాత్రం అలికిడి కోసమే ఒక దులుపు ఎక్కువ దులిపేవాడు. మనవరాలు పరుగెత్తుకొచ్చి కాళ్ళకి చుట్టుకుంటే దగ్గు మరీ ఎక్కువయ్యేది. మీ అమ్మమ్మకి మనిద్దర్నీ చూస్తే కుళ్ళే అని పిల్లనెత్తుకుని నవ్వేవాడు.

అలా ఉండగా సర్కారు కొత్త రూలు తెచ్చింది. శిక్షణ తీసుకుని సర్టిఫికెట్ తెచ్చుకున్నవాళ్ళే ఆ రేకులు ముట్టుకోవాలట. రేకులాయనకి ఒళ్ళు మండింది. కప్పుల మీదే జుట్టు నెరిసిందాయె, ఈ వయసులో బల్ల మీద కూర్చోబెట్టి పాఠాలా! పైగా మాస్కు ముఖానికి అతుక్కోవాలని గడ్డం గీయించారు. అద్దంలో తన మొహం చూసి తనే జడుసుకున్నాడు.

పాఠం చెప్పే అమ్మాయి రేకుని తడపకుండా కదపొద్దంది. దుమ్ము కంటికి కనపడదు గానీ ఊపిరితిత్తుల్లో ఏళ్ళ తరబడి కూర్చుంటుందంది. రేకులాయన ఆవులించబోయాడు.

"పని బట్టలు ఇంటికి తీసుకెళ్ళకండి" అందామె. "వాటిని దులిపి ఉతికినవాళ్ళకీ ఆ జబ్బే వచ్చింది. చాలామంది పోయారు."

"ఉతికినవాళ్ళంటే... పెళ్ళాలా అమ్మా?"

"ఎక్కువగా వాళ్ళే, పెద్దాయనా."

ఆయనకి ఇంకేమీ వినపడలేదు. బతికున్నన్నాళ్ళూ ఆయన భార్య రోజూ ఆ చొక్కాని గుమ్మంలో నిలబడి ఫటఫటా దులిపేది. దగ్గుతుంటే జలుబులే అన్నాడు. నా చేతులతో నేనే చంపుకున్నాను దాన్ని అనుకుని, అందరి మధ్యా కూర్చుని ఏడ్చాడు. పిల్ల దగ్గరికొచ్చినప్పుడల్లా ఆ దగ్గెందుకు పెరిగేదో ఇన్నాళ్ళకి తెలిసింది.

సర్టిఫికెట్ వచ్చింది. మొదటిరోజే పని దగ్గర స్నానం చేసి, శుభ్రమైన బట్టలతో ఇంటికొచ్చాడు. మనవరాలు ఎగిరి చంకెక్కింది. ఆయన చెవులు రిక్కించి నిలబడ్డాడు. బండ దగ్గర చప్పుడే లేదు.

ఇవాళ మీ ఆవిడ అలికిడి లేదేమని పక్కింటావిడ అడిగితే మేకు వైపు తిరిగాడు.

పాత చొక్కా ఇంకా మేకుకి వేలాడుతోంది. ఒక్కసారి దులిపితే చాలు, ఆవిడ వస్తుంది. చాలాసేపు దాన్నే చూశాడు. తరవాత పిల్లని లోపలికి పంపి తలుపు వేశాడు. మాస్కు బిగించుకుని, చొక్కాని కదపకుండా నీళ్ళు చిలకరించి తడిపాడు. ఒక సంచిలో పెట్టి, దాన్ని ఇంకో సంచిలో పెట్టాడు, నేర్పినట్టే.

ముడి వేయబోతుంటే సంచి లోపల్నుంచి చిన్న దగ్గు వినిపించింది.

"తాతా, రానా?" తలుపు వెనక నుంచి పిల్ల అడిగింది.

"వినపడిందే" అన్నాడాయన సంచితో. "ఇన్నాళ్ళకి వినపడింది."

ముడి బిగించి, పిల్లని రమ్మన్నాడు.